ఒకే అడవికి రెండు దారులు

కథలు చదివేవాళ్లు కథలే చదువుతారు, నవలలవాళ్లు నవలలే. ఆత్మకథలంటే పెద్దమనుషుల గొప్పలనీ, యాత్రాచరిత్రలంటే పోటీపరీక్షల బిట్లనీ చాలామందికి ఒక అభిప్రాయం ఉండిపోయింది. ఈమధ్య నాకు బాగా నచ్చిన నాలుగు పుస్తకాలూ నాలుగు రకాలు. ఒకటి చదివాక ఇంకోటి ఇంకా బాగా అర్థమైంది. అందుకే వీటిని కలిపి చెబుతున్నాను.

ముందుగా ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. దారిలో మిత్రుడు శ్రీనివాస పిళ్లెకి రాసి పంపిన సంగతులే 1838లో పుస్తకంగా వచ్చాయి. ఆయన బయల్దేరేనాటికి మన దేశంలో ఇంకా రైలు లేదు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ దారి ఇసుక, ఎక్కడ రాళ్లు, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎవరి పాలన ఎలా ఉంది అన్నీ పట్టించుకున్నారాయన. దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా, శ్రీశైలంలో యాత్రికుల నుంచి కందనూరు (కర్నూలు) నవాబు రాబట్టే పన్ను సంగతి రాయడం మానలేదు. పాతకాలపు వచనం మొదట్లో కాస్త అడ్డుపడుతుంది. పది పేజీలు ఓపిక పట్టండి, ఆ తర్వాత ఆయనే చెయ్యి పట్టుకుని నడిపిస్తారు.

అహోబిలం, శ్రీశైలం మీదుగా ఆయన దాటిన ఆ నల్లమలలోకే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' మనల్ని మళ్లీ తీసుకెళ్తుంది. 2019లో తానా బహుమతి పొందిన నవల ఇది. కరువుకి ఊళ్లో మేత లేక గొర్రెల కాపరులు మందల్ని అడవికి తోలుకుపోతారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు వాళ్ల వెంట వెళ్తాడు. వీరాస్వామయ్యకి అడవి దాటాల్సిన దారి, వీళ్లకి అదే బతుకుదెరువు. కుర్రాడు ఎలా మారతాడో కాస్త ముందే తెలిసిపోతుంది, నిజమే. అయినా మంద కదలికలు, చెట్లు, నీటిజాడలు, పులి భయం ఇంత దగ్గరగా తెలిసి రాసిన నవలలు మనకి తక్కువ. దీని ఆధారంగా 2021లో వచ్చిన సినిమా చూసినవాళ్లు కూడా చదవాలి.

మూడోది రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'. ఈ కథలకి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టి పెరిగినవాడు లోపలి నుంచి చెప్పిన బంజారా కథలు ఇవి. ఒక్క బిగిన చదవొద్దు, రోజుకొకటి చాలు.

ఇక శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ'. వేదం, సంస్కృతం తప్ప తెలుగు రాతని లెక్కచెయ్యని ఇంట్లో పుట్టి తెలుగు కథకుడైన మనిషి మొండితనం ఇందులో ఉంది. మన ఆత్మకథల్లో దీనికి మించిన వచనం నేను చదవలేదు.

అలవాటు లేని రకం పుస్తకానికి డబ్బు పెట్టాలంటే ఎవరికైనా వెనకాడబుద్ధేస్తుంది. అందుకే గ్రంథాలయాలున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఈ వారం మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఈ నాలుగూ ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని రాసిచ్చి రండి.