తెరిపి

శ్రావణంలో ముసురు పట్టిందంటే మూడు రోజులైనా వదలదు. దండెం మీద బట్టలు ఆరవు. గొడ్ల ముందు గడ్డి ఉండదు. ఏ మధ్యాహ్నం వేళో వాన కాస్త తెరిపి ఇస్తుంది. మబ్బు మబ్బుగానే ఉంటుంది, చినుకు మాత్రం ఆగుతుంది. ఆ అరగంటలోనే రైతు కొడవలి పట్టుకుని గట్టుకు వెళ్లి మోపెడు గడ్డి కోసుకొస్తాడు. ఇల్లాలు కొట్టుకు పోయి ఉప్పూ పప్పూ తెచ్చుకుంటుంది. పిల్లలు వీధి కాలవలో కాగితప్పడవలు వదులుతారు. వాన వెలిసిందని వాళ్లెవరూ అనుకోరు. మళ్లీ పట్టుకుంటుందనీ తెలుసు. వెలియడం వేరు, తెరిపి ఇవ్వడం వేరు. ఆ తేడాకు విడివిడిగా మాటలున్న భాష మనది.

మనసు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడాను మరిచిపోతాం. కష్టం తీరాకే సంతోషానికి లోపలికి ప్రవేశం అనుకుంటాం. ఇంట్లో మామగారు మంచాన పడితే కోడలు ఫోనులో చెల్లెలితో నవ్వుతూ మాట్లాడటం తప్పుగా కనిపిస్తుంది. పెద్దాసుపత్రి ఆవరణలో చెట్ల కింద చాపలు పరుచుకుని రోజులు గడిపే బంధువులను చూడండి. ఎక్కడెక్కడి ఊళ్ల వాళ్లో ఒకరినొకరు అక్కా, బాబాయ్ అని పిలుచుకుంటారు. ఒక టీని రెండు గ్లాసులు చేసుకుంటారు. పొద్దున వార్డుబాయ్ గదమాయించిన తీరును ఒకరు అభినయిస్తే అందరూ పకాలున నవ్వుతారు. మరుక్షణమే ఎవరో ఒకరు నాలుక కరుచుకుంటారు. ‘లోపల మనిషి అలా ఉంటే ఇక్కడ మన నవ్వులేమిటి’ అని.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మరోరకం ఆవరణ ఉండేది. 1990ల మొదట్లో ఎయిడ్స్ ఆ నగరంలో ఎందరో యువకులను తీసుకుపోతోంది. ప్రాణం నిలిపే మందుల కలయిక ఇంకా చేతికి రాలేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు అన్నం పెట్టి, ఒళ్లు తుడిచి, రాత్రుళ్లు మేలుకున్నది వాళ్ల జీవిత సహచరులే. అంత ఒత్తిడిని వీళ్లెలా తట్టుకుంటున్నారో తెలుసుకోవాలని సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం రెండేసి నెలలకు ఒకసారి వాళ్లను కలిసేది. ఏం కష్టమొచ్చింది, ఎలా గట్టెక్కారు అని అడిగేది. కొన్నాళ్లకు ఆ సేవ చేస్తున్నవాళ్లే ఎదురు ప్రశ్న వేశారు. అన్నీ బాధల గురించే అడుగుతున్నారు, మంచి సంగతులు అడగకుండా మేమెలా నిలబడ్డామో మీకెలా తెలుస్తుంది, అని. బృందం ఆ ప్రశ్నను చేర్చుకుంది. జవాబు లేనివాళ్లు దాదాపు కనిపించలేదు. చెప్పినవన్నీ మామూలు రోజుల్లో ఎవరూ లెక్కపెట్టని చిన్న సంగతులే. 1997లో ఫోక్‌మన్ ప్రచురించిన వ్యాసంలో ఇంకో విశేషం ఉంది. వాళ్లలో కుంగుబాటు ఎక్కువే. అయినా, సహచరుడు కన్నుమూసిన రోజుల చుట్టుపట్ల తప్ప, బాధ ఎంత తరచుగా పలకరించిందో సంతోషమూ ఇంచుమించు అంత తరచుగానే పలకరించింది. రెండూ ఒకే గుండెలో, ఒకే వారంలో కాపురం చేశాయి.

ఆ కాసింత సంతోషం ఒంట్లో చేసే పనేమిటో మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, ఆమె తోటి పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగం చూపింది. ఒక్క నిమిషంలో ఉపన్యాసం సిద్ధం చేసుకోవాలి, కెమెరా ముందు మాట్లాడాలి, అది చూసి తోటివాళ్లు తీర్పు చెబుతారు అని విద్యార్థులకు చెప్పారు. గుండెలు దడదడలాడాయి. అంతలో ఉపన్యాసం బెడద తప్పించి తలా ఒక చిన్న చిత్రం చూపించారు. కొందరికి కుక్కపిల్ల ఆటలు, కొందరికి సముద్రపు అలలు, కొందరికి మంచీచెడూ ఏమీ అనిపించని దృశ్యం, మిగిలినవాళ్లకు కన్నీరు పెట్టించే సన్నివేశం. కుక్కపిల్లనూ అలలనూ చూసినవాళ్ల గుండె ముందుగా కుదుటపడింది. ఏడుపు సన్నివేశం చూసినవాళ్లకు అందరికంటే ఆలస్యమైంది. కలత లేని మనుషులకు అదే కుక్కపిల్లను, అవే అలలను చూపిస్తే మాత్రం గుండె లయలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. వాన పడని రోజున తెరిపి అన్న మాటకు పనేముంది! ఒత్తిడి వచ్చి పోయేదైతే శరీరం ఓర్చుకుంటుంది. అది తిష్ఠ వేస్తేనే నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. చిన్న సంతోషం కష్టాన్ని తీర్చదు. కష్టం వదిలిన దడను త్వరగా దించుతుంది.

చావింట్లో ఈ సంగతి మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పెద్దకర్మ నాడు విస్తళ్ల ముందు కూర్చున్నాక ఎవరో, పోయిన పెద్దాయన పెళ్లిచూపులకు వెళ్లి పక్కింట్లో కూర్చుని వచ్చిన ముచ్చట ఎత్తుతారు. పదకొండు రోజులుగా ఏడ్చిన ఇల్లు ఒక్కసారి నవ్వుతుంది. ఆ నవ్వులో పోయిన మనిషి మీద ప్రేమ తగ్గిందని ఎవరూ అనరు. చావింట్లో ఇచ్చిన ఆ వెసులుబాటును రోగి ఉన్న ఇంట్లో, అప్పులున్న ఇంట్లో, పరీక్ష తప్పిన పిల్లవాడి ఇంట్లో ఇవ్వడానికే మన చేయి రాదు.

ఇదంతా చదివి ‘పాజిటివ్‌గా ఉండు’ అని ఎవరికైనా హితబోధ చేయబోతే మాత్రం మొదటికే మోసం. ముసురును తెరిపి ఇమ్మని ఆజ్ఞాపించలేం. పగలూ రాత్రీ షిఫ్టులు వేసి, సెలవు అడిగితే ముఖం చిట్లించి, ఆనక ఒత్తిడిని జయించడంపై గంటసేపు క్లాసు ఏర్పాటు చేసే ఆఫీసులు మనకు కొత్త కాదు. అక్కడ కావలసింది సెలవు. ఇక, రెండు వారాలు గడిచినా దిగులు వదలకపోయినా, ఇష్టమైన పాట కూడా రుచించకపోయినా అది మనోబలం లేకపోవడం కాదు, వైద్యుడు చూడవలసిన కుంగుబాటు కావచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులోనూ పలుకుతుంది.

మన వంతు చిన్నదే. కష్టంలో ఉన్నవాళ్లు నవ్వితే వింతగా చూడకపోవడం ఒకటి. రెండోది, పరామర్శకు వెళ్లినప్పుడు ‘డాక్టర్లు ఏమన్నారు, ఎంత ఖర్చయింది’ అని అడిగాక ఇంకొక్క మాట అడగడం. ‘ఇవాళ ఏమైనా బాగనిపించిందా అమ్మా?’ ఆమె కాస్త తడబడుతుంది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. కొంగుతో ముఖం తుడుచుకుని, ‘పొద్దున రెండిడ్లీలు తిన్నాడండీ, చట్నీలో కారం తక్కువైందని విసుక్కున్నాడు కూడా’ అంటుంది.