పిక్క పట్టేస్తే ఆగడం పిరికితనం కాదు

పాలకేంద్రానికి క్యాన్లు చేరకముందే తారు రోడ్డు మీద పరుగులు తీసే యువకులు జిల్లాలోని పల్లెలలో తరచుగా కనిపిస్తారు. కొందరిది ఆరోగ్యం కోసం సరదా పరుగు. మరి కొందరిది పోలీసు, సైనిక ఉద్యోగాల మీద ఆశతో తీసే పరుగు. ఇద్దరికీ తప్పని బాధ ఒకటుంది. అది పిక్క గాయం.

పరుగు మధ్యలో ఎవరో వెనుక నుంచి రాయి విసిరినట్లు పిక్క కలుక్కుమంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. "పరుగెత్తు, అదే సర్దుకుంటుంది" అంటారు తోటివారు. ఇంటికి చేరితే వేడి నూనె రాసి గట్టిగా తోముతారు. మరునాడు కుంటుతూనే ఆ యువకుడు మళ్ళీ రోడ్డెక్కుతాడు. రెండు వారాలలో మానవలసిన గాయం రెండు నెలలు పీడించడానికి కారణం ఇదే.

పిక్కలో ముఖ్యమైన కండలు రెండు. ఒకటి పైకి కనిపించేది, రెండవది దాని కింద ఉండేది. అడుగు నేల నుంచి లేచేటప్పుడు ఒంటి బరువును ముందుకు తోసేవి ఇవే. వేడెక్కని కాలితో ఒక్కసారిగా వేగం పెంచినా, అలసిన కాలితో మిట్ట ఎక్కినా కండపోగులు చిరుగుతాయి. చిరిగిన చోట లోపల రక్తం కారుతుంది. అప్పుడే కాపడం పెట్టి తోమితే వాపు మరింత హెచ్చుతుంది.

మొదటి రెండు, మూడు రోజులు కాలికి విశ్రాంతి కావాలి. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. మరీ బిగించకుండా సాగే కట్టు కట్టి, కాలిని దిండు మీద ఎత్తుగా ఉంచాలి. మడమ పైన 'టప్'మని శబ్దం వచ్చి, మునివేళ్ళ మీద లేవలేకపోతే మడమ నరం తెగి ఉండవచ్చు. దెబ్బ తగలకుండానే పిక్క వాచి వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఈ రెండింటికీ ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ తెలిసినా యువకులు ఎందుకు ఆగరు? భయం వల్ల. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ ఎంపికలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించవలసి వచ్చింది. ఒక్క సెకను దాటినా ఏళ్ళ ఆశ నీరుగారుతుంది. పది రోజులు కూర్చుంటే దమ్ము పోతుందని వారి బెంగ. అప్పుచేసి చదివించిన తండ్రి ముఖం చూడలేక నొప్పిని దాచుకునేవారూ ఉన్నారు.

ఎద్దు కుంటితే రైతు కాడి దింపుతాడు. ముల్లుకర్రతో పొడిచి అరక సాగించడు. అలా చేస్తే ఆ ఏడు సేద్యమే పోతుందని అతనికి తెలుసు. కన్నబిడ్డ కాలి విషయంలోనూ ఆ వివేకం చూపాలి.

నడకలో నొప్పి లేకపోవడం మొదటి మెట్టు. ఒంటికాలి మీద నిలిచి మడమను ఇరవై సార్లు ఎత్తి దించినా నొప్పి రాకపోవడం రెండవది. ఆ తరువాతే నిమిషం పరుగు, నిమిషం నడక. వేగం అన్నిటికన్నా ఆఖరున రావాలి. ఈలోగా నొప్పి లేకుండా సైకిల్ తొక్కగలిగితే దమ్ము అంతగా తగ్గదు.

గ్రామపెద్దలు చేయగలిగిందీ ఉంది. గతుకుల రోడ్డు మీద, లారీల మధ్య పరుగెత్తే అవసరం లేకుండా పాఠశాల మైదానాన్ని చదును చేయించి, ఉదయం పూట గేటు తెరిపించాలి. వ్యాయామ ఉపాధ్యాయులు వారానికి ఒక్కరోజైనా వచ్చి, పరుగుకు ముందు కాళ్ళను ఎలా సిద్ధం చేసుకోవాలో చూపాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఎంపికల నాడు కుంటుతూ వెనుదిరిగే యువకుల సంఖ్య కొంతైనా తగ్గుతుంది.