చెరువు గట్టున చదవవలసిన పాఠం

కృష్ణా డెల్టాలో గుడివాడ నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ముదినేపల్లి ఉంది. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పేర్లు అక్కడి పిల్లలకు అక్షరాలకన్నా ముందే వస్తాయి. అయినా జీవశాస్త్రం మాత్రం బట్టీ పట్టే చదువుతారు! ఇది విచిత్రం కాదూ?

తెల్లవారుజామున గట్టుమీద నిలబడి చూశారా? ఒక్కొక్కనాడు చేపలన్నీ నీటిపైకి వచ్చి, నోళ్ళు తెరిచి గుటకలు వేస్తుంటాయి. రైతు గాభరాగా ఏరేటర్లు తిప్పిస్తాడు, మోటారుతో కొత్త నీరు పెట్టిస్తాడు. ఆలస్యమైతే నెలల కష్టం ఒక్క పూటలో చచ్చి తేలుతుంది.

దీనికి కారణం కంటికి కనిపించని జీవకణాల్లో ఉంది. చెరువు నీటి ఆకుపచ్చదనమంతా సూక్ష్మమైన నాచుమొక్కలది. వాటిలో చాలావాటికి శరీరమంతా ఒకే కణం. ఆ కణంలోని పత్రహరితం పగటివేళ ఎండను పట్టి ఆహారం తయారుచేస్తుంది. ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. పొద్దు గుంకితే ఆ పని ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగుబురదలోని బాక్టీరియా అన్నీ రాత్రంతా ప్రాణవాయువును వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారేసరికి అది బాగా తగ్గిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ ప్రమాదం.

ఎరువు ఎక్కువైతే నాచు పెరుగుతుంది కదా, ప్రాణవాయువు కూడా పెరగాలి కదా అని మీకు తోచవచ్చు. పగలు పెరుగుతుంది, నిజమే. కాని రాత్రి దాన్ని వాడుకునే కణాలు కూడా అంతే పెరిగాయి! చిక్కంతా అక్కడే.

చూశారా, కణంలో మొదలైన కథ చెరువంతటినీ ఎలా పట్టుకుందో! జంతువుల శరీరాలు కూడా కణాలతోనే నిర్మితమైనవని ష్వాన్ 1839లో చెప్పాడు. 'ఆవరణ వ్యవస్థ' అనే భావానికి టాన్‌స్లీ 1935లో పేరు పెట్టాడు. రెంటికీ నడుమ దాదాపు నూరేళ్ళు పట్టింది. మన పుస్తకాల్లో కూడా అవి వేర్వేరు పాఠాలే. చెరువులో మాత్రం రెండూ ఒకటే. కాబట్టి వాటిని కలిపి, నీటి దగ్గరే నేర్పాలని నా అభిప్రాయం.

పరీక్షలో నిర్వచనాలే అడుగుతారు గదా అంటారేమో. చెరువును అర్థం చేసుకున్నవాడు నిర్వచనాన్ని సొంతమాటల్లో రాయగలడు; బట్టీ పట్టినవాడు చెరువును కాపాడలేడు.

చెరువునే కాదు, కొల్లేటిని కూడా. 1999లో ఆ సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో దానిలోని చేపల చెరువులను ఎన్నిటినో తొలగించారు. చెరువుల నుంచి డ్రెయిన్లలోకి వదిలిన నీటి వెంట ఎరువు కూడా పోతుంది. అది చేరినచోటల్లా నాచు, గుర్రపుడెక్క బలుస్తాయి. అటు బతుకుతెరువు, ఇటు సరస్సు. రేపు ఈ విషయం తేల్చవలసినవారు మీరే.

ఈ ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గట్టుకు వెళ్ళండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి చేపలను గమనించి రాసుకోండి. సోమవారం ఒక చుక్క చెరువు నీటిని బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టమని మాస్టారిని అడగండి. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.