వేట రుసుము ఎవరి అమానతు?

ఒక జంతువును కాపాడడం కోసం ఆ జంతువునే చంపే హక్కును అమ్మవచ్చునా? ఈ మాట వినగానే మనసు ఒప్పుకోదు. ప్రాణం తీసి సంపాదించిన డబ్బుతో ప్రాణాలు నిలుపుతామనడం మొదట విడ్డూరంగానే తోస్తుంది. అయినా మన పొరుగు దేశపు కొండ లోయల్లో నలభై ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. దానివల్ల మంచి జరిగిందా, చెడు జరిగిందా అనే విచారణ తేలికైనది కాదు. పాఠకులు కాస్త ఓపికతో తోడు వస్తే ఆ లెక్కను ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

పాకిస్తాన్ జాతీయ జంతువు పేరు మార్ఖోర్. అది ఎత్తైన కొండల్లో తిరిగే అడవి మేక. మగదాని కొమ్ములు మర తిప్పినట్టు మెలికలు తిరుగుతూ పైకి పెరుగుతాయి. కొన్నింటి కొమ్ములు ఐదడుగుల పొడవు కూడా ఉంటాయి. ఫార్సీలో 'మార్' అంటే పాము, 'ఖోర్' అంటే తినేది. పేరు పాములను తినేదని చెబుతున్నా, పాపం అది తినేది గడ్డీ ఆకులే. ఆ కొమ్ములే దానికి అందం, ఆ కొమ్ములే దానికి ఆపద. వాటిని ఇంటి గోడకు అలంకరించుకోవాలన్న కోరికతో సముద్రాలు దాటి వచ్చే సంపన్నులు ఉన్నారు. 2024 డిసెంబరులో చిత్రాల్ ప్రాంతంలో ఒక అమెరికా వేటగాడు ఒకే ఒక మార్ఖోర్‌ను వేటాడడానికి చెల్లించిన అనుమతి రుసుము 2,71,000 డాలర్లు. మన రూపాయల్లో అది రెండు కోట్ల పాతిక లక్షలు దాటుతుంది.

కొండలు ఖాళీ అయిన కాలం

ఇంత ధర పలికే జంతువు ఒకప్పుడు దాదాపు కనుమరుగయింది. బలూచిస్తాన్‌లోని కిల్లా సైఫుల్లా జిల్లాలో తోర్ఘర్ అనే కొండల వరుస ఉంది. అక్కడ నివసించేది పష్తూన్ తెగల వారు. మేకలు, గొర్రెలు మేపుకోవడం వారి జీవనోపాధి. వేట తరతరాల అలవాటు. పాత తుపాకులతో, ఖరీదైన తూటాలతో వేటాడినంత కాలం కొండమీది జంతువులకు కొంత ఊపిరి ఆడింది. 1979లో అఫ్ఘానిస్తాన్ యుద్ధం మొదలయ్యాక సరిహద్దు ప్రాంతమంతా ఆధునిక ఆయుధాలతో నిండిపోయింది. తూటాలు చౌకయ్యాయి. కొద్ది ఏళ్లలోనే మార్ఖోర్ మందలు తరిగిపోయాయి. 1980ల నడిమి నాటికి తోర్ఘర్‌లో మిగిలినవి వందలోపేనని అంచనా.

వేటను నిషేధించే చట్టాలు అప్పటికీ ఉన్నాయి. అయితే రాజధానిలో రాసిన చట్టాన్ని ఆ కొండల్లో అమలు చేసేవారెవరు? ప్రతి ఇంట్లో తుపాకీ ఉన్న చోట జీతం చాలని ఒకరిద్దరు అటవీ ఉద్యోగులు ఏం చేయగలరు? అప్పుడు ఆ తెగ పెద్ద నవాబ్ తైమూర్ షా జోగెజాయీ, ఆయనకు తోడుగా నిలిచిన కొందరు ఒక ఉపాయం ఆలోచించారు. ఎవరైతే అందరికన్నా బాగా వేటాడగలరో వారినే కాపలాదారులుగా నియమించారు. జంతువు ఏ వేళ ఏ గట్టు మీద ఉంటుందో, ఏ బాటన నీటికి దిగుతుందో వేటగాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇక వారికి జీతం ఎక్కడి నుంచి? ఏడాదికి అతి కొద్ది సంఖ్యలో ముదురు మగ జంతువులను వేటాడే అవకాశాన్ని విదేశీ వేటగాళ్లకు రుసుముపై ఇచ్చి, ఆ సొమ్మును కాపలాకు ఖర్చు చేశారు. తెగలోని మిగతావారంతా వేట మానుకోవాలన్నది ఒప్పందం. 1994లో ఈ పని చూసుకోవడానికి తోర్ఘర్ పర్యావరణ పరిరక్షణ సంఘం ఏర్పడింది.

2005లో జరిగిన లెక్కింపులో అక్కడి మార్ఖోర్ల సంఖ్య 2,500 దాటిందని తేలింది. ఇరవై ఏళ్ల కిందట వంద కూడా లేవనుకున్న చోట ఇది చిన్న విషయం కాదు.

రుసుము నడిచే దారి

ఈ పద్ధతి తరువాత చిత్రాల్‌కూ, గిల్గిత్-బల్తిస్తాన్‌కూ వ్యాపించింది. అక్కడి నియమం ఇది: అనుమతి రుసుములో 80 శాతం ఆ లోయలోని గ్రామ సముదాయానికి, 20 శాతం ప్రభుత్వానికి. ఎన్ని జంతువులను వేటాడవచ్చునన్నది కూడా ఎవరి ఇష్టానికీ వదలలేదు. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద 1997లో పాకిస్తాన్ మొత్తానికి ఏడాదికి 6 మార్ఖోర్లకు అనుమతి లభించింది. 2002లో దానిని 12కు పెంచారు. దేశమంతటికీ కలిపి పన్నెండు మాత్రమే! అనుమతులు ఇంత తక్కువ కాబట్టే వేలంలో ధర అంతగా పెరిగింది.

సముదాయం చేతికి వచ్చిన సొమ్ము కాపలాదారుల జీతాలకు, బడికి, వైద్యానికి, తాగునీటికి, బాటలకు ఖర్చవుతుంది. ఒక కాపరి దృష్టితో ఆలోచించి చూడండి. ఇదివరకు కొండ మీద మార్ఖోర్ కనిపిస్తే అది రెండు పూటల మాంసం. లేదా తన మేకల మేతకు పోటీ. ఇప్పుడు అది తన పిల్లల బడికి కప్పు. దొంగచాటుగా దాన్ని కాల్చినవాడు ప్రభుత్వ చట్టాన్ని మాత్రమే మీరడం లేదు, ఊరందరి సొమ్మును దోచుకుంటున్నాడు. అందువల్ల పోలీసు లేని చోట కూడా ఊరి కన్ను కాపలా కాస్తుంది. 2015లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం మార్ఖోర్‌ను 'అంతరించిపోతున్న' జీవుల వర్గం నుంచి తప్పించి, ముప్పుకు దగ్గరగా ఉన్న జీవుల వర్గంలోకి మార్చింది. ఎర్ర జాబితాలో ఇటువంటి మార్పు ఏ పెద్ద జంతువుకైనా అరుదుగా లభించే శుభవార్త.

మనసులో మెదిలే సందేహాలు

ఇంతవరకు చదివిన పాఠకులకు ఒక ధర్మసందేహం తప్పక కలిగి ఉంటుంది. ఆహారం కోసం వేటాడడాన్ని మన ధర్మం అనుమతించింది. ఇహ్రామ్ స్థితిలో ఉన్నవారికి నేల మీది వేటను నిషేధించింది. ప్రాణమున్న జీవిని గురి చూసే ఆటబొమ్మగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు. మరి కొమ్ముల కోసం, గొప్ప కోసం సాగే ఈ వేట సంగతేమిటి? మాంసం ఊరివారికి చెందుతుంది కాబట్టి అది వృథా కావడం లేదని కొందరంటారు. ఆ మాట నిజమే అయినా, తుపాకీ పట్టినవాడి ఉద్దేశాన్ని అది మార్చదు. ఆ వినోదాన్ని మెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు. అయితే అతని ఉద్దేశంతో పాటు ఆ లోయ ప్రజల అవసరాన్ని కూడా కొట్టిపారేస్తే అది న్యాయం కాదు. ఈ రెండింటినీ విడివిడిగా తూచాలి.

రెండవ సందేహం శాస్త్ర సంబంధమైనది. ముదురు మగవాటినే చంపితే మందకు నష్టం లేదని, అవి అప్పటికే తమ సంతానాన్ని మిగిల్చి ఉంటాయని వాదన. కానీ కెనడాలోని అల్బర్టాలో రామ్ పర్వతం మీది పెద్దకొమ్ముల గొర్రెలను ఏళ్ల తరబడి గమనించిన శాస్త్రజ్ఞులు 2003లో ఒక హెచ్చరిక చేశారు. పెద్ద కొమ్ములున్నవాటినే ఎంచి చంపుతూ పోయిన చోట తరువాతి తరాల్లో కొమ్ముల పరిమాణమే తగ్గిందని వారు కనుగొన్నారు. అంటే వేట సంఖ్య చాలా స్వల్పంగా ఉన్నంతవరకే ఈ పద్ధతి క్షేమం. డబ్బు ఆశతో ఆ సంఖ్యను పెంచుకుంటూ పోతే కాపాడుదామనుకున్నదాన్నే పోగొట్టుకుంటాం.

మూడవది, ధర పలకని జీవుల మాట. ఎవరూ కొమ్ములకు ఆశపడని చిన్న జంతువుకు, పక్షికి ఈ వేలంలో విలువ లేదు. మందమీద పడే మంచుచిరుతను కాపరి నేటికీ శత్రువుగానే చూస్తాడు. పైగా ఈ ఆదాయం దూరదేశపు సంపన్నుల రాకపై ఆధారపడినది. యుద్ధమో, ప్రయాణ నిషేధమో వచ్చిన ఏడాది వేటగాళ్లు రారు. కాపలాదారుడి ఇంట్లో మాత్రం పొయ్యి వెలగాలి.

లెక్క చూపవలసిన సొమ్ము

వీటన్నింటికన్నా బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ 80 శాతం నిజంగా ఎవరి చేతికి చేరుతోంది? రుసుము ప్రభుత్వ ఖజానాలో నెలల తరబడి నిలిచిపోతే, లేదా ఊరి పెద్దల ఇళ్ల దగ్గరే ఆగిపోతే, కొండ మీద చలిలో కాపలా కాసే పేదవాడికి మిగిలేదేమిటి? అప్పుడు అతని దృష్టిలో మార్ఖోర్ మళ్లీ రెండు పూటల మాంసమే అవుతుంది. ఊరి సంఘాల్లో నిర్ణయాలు చేసేది ఎక్కువగా పురుషులే. నీళ్లు మోసేది, కట్టెలు తెచ్చేది, పిల్లల జబ్బులకు రాత్రులు మేల్కొనేది స్త్రీలు. ఏ పనికి ముందు ఖర్చు పెట్టాలో వారిని అడిగిన ఊరికీ, అడగని ఊరికీ తేడా ఉండకపోదు.

ఇటువంటి సొమ్ము దారి తప్పకుండా ఎలా కట్టడి చేయాలో అమెరికా అనుభవం కొంత నేర్పుతుంది. అక్కడ ఒకప్పుడు ఆకాశాన్ని కప్పేంత గుంపులుగా ఎగిరిన ప్రయాణ పావురాలను విచ్చలవిడిగా చంపారు. వాటిలో చివరిది 1914లో సిన్సినాటి జంతుశాలలో చనిపోయింది. ఆ నష్టాలు చూశాక చట్టాలు కట్టుదిట్టమయ్యాయి. 1934 నుంచి బాతులను వేటాడే ప్రతి వయోజనుడూ ఒక ప్రత్యేక స్టాంపు కొనాలి. మొదట దాని వెల ఒక డాలరు, ఇప్పుడు 25 డాలర్లు. అందులో డాలరుకు 98 సెంట్లు పక్షులకు ఆశ్రయమైన చిత్తడి నేలలను కొనడానికి, కాపాడడానికే వెళతాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణి సంరక్షణకు కేటాయించి, రాష్ట్రాలకు ఒక షరతు పెట్టింది: వేటగాళ్లు కట్టిన లైసెన్సు రుసుమును వన్యప్రాణి శాఖ పనులకు తప్ప మరి దేనికీ మళ్లించరాదు. మళ్లించిన రాష్ట్రానికి కేంద్రం వాటా అందదు. ఆ దేశంలో తెల్లతోక జింకలు, అడవి టర్కీ కోళ్లు మళ్లీ విస్తారంగా పెరగడానికి ఈ నిధి చాలా తోడ్పడింది.

వక్ఫ్ ఆస్తుల సంగతి తెలిసిన మన పాఠకులకు ఈ షరతు కొత్తగా తోచదు. దాత ఏ పనికి ఇచ్చాడో ఆ పనికే ఆ సొమ్ము చెందాలన్న నియమాన్ని మన ఫిఖ్‌హ్ పండితులు ఎంత పట్టుదలతో కాపాడారో తెలిసినదే. అందరికీ చెందిన బీళ్లను కాపాడే విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) చూపిన వివేకం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. 'హిమా' అనే రక్షిత మేత భూమికి ఒక అధికారిని నియమిస్తూ, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదలను లోనికి రానివ్వమనీ, సంపన్నుల మందలను మాత్రం ఆపమనీ ఆయన ఆదేశించారు. మంద చనిపోయినా సంపన్నులకు తోటలు, పొలాలు ఉంటాయి. పేదవాడికి ఆ మందే సర్వస్వం. భూమిని కాపాడడం, పేదవాడిని కాపాడడం రెండు వేరు వేరు పనులు కావని ఆ ఆదేశం తెలుపుతుంది.

మన దేశం మరో దారి ఎంచుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణ వేట లైసెన్సుల పద్ధతికే స్వస్తి చెప్పింది. ఇక్కడ మళ్లీ వేలం పాటలు మొదలుపెట్టాలని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ తోర్ఘర్ కాపరి అడిగిన ప్రశ్న మన అడవి అంచు పల్లెల్లోనూ ఉంది. అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ చేను తవ్విపోతే ఆ నష్టాన్ని మోసేది తెలుగు రైతే. వన్యమృగాలు అందరి సంపద అయినప్పుడు వాటి భారం కొందరి మీదే ఎందుకు పడాలి? వేట ఉన్నా, నిషేధం ఉన్నా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పనిదే ఏ అడవీ నిలవదు.

కాబట్టి వేట రుసుముతో సంరక్షణ అనే మాట విన్నప్పుడు వెంటనే హర్షించనూ వద్దు, వెంటనే దూషించనూ వద్దు. ఎన్నింటిని చంపనిచ్చారు, ఆ సంఖ్యను ఎవరు నిర్ణయించారు, వచ్చిన ప్రతి పైసా ఎవరికి చేరింది, ఆ లెక్కను ఊరందరి ముందు చదివారా అని అడగండి. ఈ నాలుగింటికీ నమ్మదగిన జవాబు ఉన్న చోట ఆ రుసుము అమానతుగా నిలిచినట్టు. జవాబు లేని చోట జరుగుతున్నది వేట మాత్రమే. మసీదు కమిటీ చందా నుంచి గ్రామ నిధి వరకు, ఉమ్మడి సొమ్ము చేతపట్టిన ప్రతి ఒక్కరినీ ఇవే మాటలు అడిగే అలవాటు మన ఇళ్లలో పిల్లలకు చిన్ననాటి నుంచే నేర్పుదాం.