సరస్వతీ మందిరమున వేలము పాట

విశ్వవిద్యాలయమనగా నేమి యని అడిగినచో మన పెద్దలు ఆచార్యులను, గ్రంథాలయమును, ప్రయోగశాలలను, పట్టప్రదానోత్సవమును వర్ణింతురు. అదే ప్రశ్నను వసతిగృహములోని విద్యార్థి నడిగి చూడుడు. మొట్టమొదట మెస్సులోని నీళ్ల చారును గూర్చి చెప్పును. పిమ్మట జిరాక్సు దుకాణమువద్ద నిలిచిన వరుసను గూర్చియు, ముద్రించిన ధరకు మించి పుచ్చుకొను అంగడివానిని గూర్చియు చెప్పును. ఇది విని నవ్వువారు కలరు. ‘చదువుకొన వచ్చితివా, తిన వచ్చితివా?’ అని మందలించువారును కలరు. అట్లు మందలించు పెద్దలు తమ ఇంట భోజనము చేసి వచ్చినవారు. వారి మందలింపునకు ఆ భోజనమే బలము.

మన విశ్వవిద్యాలయముల యావరణలలో జరుగుచున్న వ్యాపారమును గూర్చి ఈ వారము నాలుగు మాటలు వ్రాయదలచినాను. క్యాంటీను, మెస్సు, జిరాక్సు, పుస్తకాల అంగడి, నిత్యావసరముల దుకాణము చిన్న విషయములుగా కనబడును. కాని పల్లెనుండి ట్రంకుపెట్టెతో వచ్చిన పిల్లవాడు చదువు పూర్తిచేయునా, నడుమ విడిచి పోవునా అనునది పలుమారు ఈ చిన్న విషయములయందే తేలుచున్నది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమై, బెజవాడనుండి 1930లో వాల్తేరునకు తరలినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. ఈ రెండింటను వసతిగృహములు శోభకొఱకు కట్టినవి కావు. పట్టణమున బంధువులు లేని వానికి, అద్దె యిచ్చుకొనలేని వానికి చదువు అందవలెనన్నచో పడక, అన్నము విద్యలో భాగములే యని ఒప్పుకొనుటయే వసతిగృహ మనుమాటకు అర్థము. ఆ గృహముల ఘనత చరిత్ర యెఱుగును. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరగీతమును పాడరాదని అధికారులు నిషేధింపగా విద్యార్థులు తలయొగ్గలేదు. పలువురు బహిష్కృతులైరి. నాగపురి విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొని చదువు చెప్పినది. ఒక పంక్తిని కూర్చుండి భుజించినవారు ఒక మాటపై నిలిచిరి. భోజనశాల కేవలము ఉదరపోషణస్థానము కాదనుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

అట్టి భోజనశాలను, దాని పొరుగు దుకాణములను నేడు ఏ పద్ధతిని నడుపుచున్నారు? తఱచుగా వేలము పద్ధతిని. ఎవడు హెచ్చు పాట పాడునో వానికి క్యాంటీను. న్యాయవాదవృత్తిలో నుండుటచే అట్టి టెండరు పత్రమొకటి నాచేతికి వచ్చినది. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్పవలసిన అవసరమును లేదు. అందు ధరావతు ఎంత, అద్దె ఏ తేదీన చెల్లవలెను, ఆలస్యమైనచో జరిమానా ఎంత, ఏ గోడకు మేకు కొట్టరాదు అను విషయములన్నియు సవిస్తరముగా నున్నవి. ఇడ్డెన బరువెంత, నూనె ఎన్నిమార్లు కాచవచ్చును, త్రాగునీటిని ఎవరు పరీక్షింపవలెను, వడ్డించువానికి జీతమెంత అను వానిని గూర్చి ఒక్క వాక్యమును లేదు. గోడకున్న రక్షణ కడుపునకు లేకపోయినది!

ఈ పద్ధతి ఫలితమును లెక్కవేసి చూతము. ఒక క్యాంటీనుకు నెలకు లక్ష రూపాయల అద్దె యనుకొనుడు. రోజునకు 500 పళ్లెములు, నెలకు 25 దినములు అమ్ముడుపోవు ననుకొనుడు. మొత్తము 12,500 పళ్లెములు. అనగా ప్రతి పళ్లెముమీద ఎనిమిది రూపాయలు అద్దెక్రింద పోవును. గుత్తదారు దీనిని తన యింటినుండి తెచ్చి కట్టడు. ధర పెంచియైనను రాబట్టును, పప్పులో నీళ్లు పోసియైనను రాబట్టును. చివరకు ఇచ్చుకొనువాడు విద్యార్థియే. విశ్వవిద్యాలయము విద్యార్థి పళ్లెమునుండి ఎనిమిది రూపాయలు తీసికొని, దానిని ‘అంతర్గత ఆదాయము’ అని లెక్కలలో వ్రాసికొని, ఆదాయము పెరిగినదని సంతసించుచున్నది. కంచే చేను మేయుట యన్న నిదియే.

ఈ ఎనిమిది రూపాయల విలువ యెంతో తెలియవలెనన్నచో మఱొక లెక్క కలదు. తెలంగాణ ప్రభుత్వము 2024లో సంక్షేమ వసతిగృహముల భోజనపు భత్యమును నూటికి నలుబది వంతులు పెంచినది. ఇంటర్మీడియెట్టు మొదలు పై చదువుల వారికి నెలకు 1,500 రూపాయలున్నది 2,100 అయినది. పెంచుట మెచ్చదగినదే. కాని పెంచిన పిమ్మటను రోజునకు వచ్చునది డెబ్బది రూపాయలు. ఉదయపు ఫలహారము, మధ్యాహ్న భోజనము, సాయంకాలపు చిరుతిండి, రాత్రి భోజనము అని నాలుగు భాగములు చేసినచో పూటకు పదునేడున్నర రూపాయలు. పేదయింటి బిడ్డ భోజనమునకు ప్రభుత్వమువారి కొలబద్ద యిది. ఆ బిడ్డయే ఆవరణలోని క్యాంటీను బల్లయొద్దకు వచ్చినపుడు, మనమనుకొన్న లెక్క చొప్పున, పదునేడున్నరలో ఎనిమిది రూపాయలు గోడల అద్దెకే చెల్లుచున్నవి. ఒక చేతితో పెట్టి మఱొక చేతితో లాగికొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము కావలెనా?

‘ఇష్టము లేనిచో బయట తినవచ్చును గదా, బజారు తెఱచియే యున్నది’ అందురు కొందఱు. బజారు తెఱచియున్నది నిజమే. వసతిగృహపు ద్వారము మూసియున్నది! ముఖ్యముగా ఆడపిల్లల వసతిగృహములలో చీకటి పడగానే తాళము పడును. ఆ తాళమునకు లోపల నున్న దుకాణము ఒక్కటియే. అది చెప్పినదే ధర, అది యిచ్చినదే సరకు. పోటీ యున్నచోట బేరమునకు అర్థము కలదు. విద్యార్థినిని లోపలనుంచి తాళము వేసి, ఆ తాళపు విలువను గుత్తదారునకు అమ్ముకొనుట వ్యాపారస్వాతంత్ర్యము కాదు.

చట్టములు లేవా యందురేమో. చట్టములకు కొదువ లేదు. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము లైసెన్సు గాని, నమోదు గాని లేక ఎవడును ఆహారవ్యాపారము చేయరాదు. మూటకట్టిన సరకును ముద్రితమైన గరిష్ఠ ధరకు మించి అమ్ముట తూనికలు కొలతల నిబంధనల క్రింద నేరము. గుత్తదారు పనివారికి జీతము ఎగవేసినచో ప్రధాన యజమానియే చెల్లింపవలెనన్నది కార్మికచట్టపు సూత్రము; అనగా వంటవాని ఆకలికి కూడ విశ్వవిద్యాలయము జవాబుదారియే. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2023లో వెలువరించిన నిబంధనలు విద్యార్థుల ఫిర్యాదులకు ఒక సంఘమును, దానిపైన అంబుడ్సుమనును ఏర్పరచినవి. వాగ్దానము చేసిన సౌకర్యములను కల్పింపకపోవుట అందు ఫిర్యాదునకు కారణముగా చెప్పబడినది. వస్తుసేవల పన్ను మండలియు 2024 జూనులో ఒక మంచి తీర్మానము చేసినది. విద్యాసంస్థలకు వెలుపలనున్న వసతిగృహములలో సైతము మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని అద్దెకు, తొంబది దినములకు తక్కువ గాక ఉండువారికి పన్ను మినహాయించినది. హోటలు వేఱు, దీర్ఘకాలపు వసతి వేఱు అని పన్ను వసూలు చేయువారే గ్రహించిరి. చదువు చెప్పువారు గ్రహింపరాదా?

విశ్వవిద్యాలయము తలచుకొన్నచో ఏమి చేయగలదో ఢిల్లీలోని ఒక చిన్న జిరాక్సు దుకాణము చూపినది. ఢిల్లీ ఆర్థికశాస్త్ర విద్యాలయపు ఆవరణలో రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీసు అను దుకాణము విశ్వవిద్యాలయపు అనుమతితో, విశ్వవిద్యాలయము నిర్ణయించిన ధరకు, ఆచార్యులు సూచించిన పాఠ్యభాగములను ప్రతులు తీసి కుట్టి యిచ్చుచుండెను. 2012లో ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు మహాప్రచురణ సంస్థలు ఆ దుకాణముమీదను, విశ్వవిద్యాలయముమీదను దావా తెచ్చినవి. విశ్వవిద్యాలయము దుకాణదారుని గాలికి వదలక పోరాడినది. విద్యార్థులు, ఆచార్యులు తోడ్పడిరి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దావాను కొట్టివేసినది. డిసెంబరులో ధర్మాసనము ఒక వాస్తవాంశమును విచారింపవలెనని దావాను పునరుద్ధరించినను, బోధనకొఱకు ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసికొను ప్రతులు 1957 నాటి గ్రంథస్వామ్య చట్టపు 52వ విభాగమున రక్షితములనియే చెప్పినది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకొనిరి. ఆ కేసు ఏడ మొదలైనది? ఒక చిన్న అంగడిలో. దేనివలన గెలిచినది? ఆ యంగడి విద్యార్థికొఱకు నడుచుచున్నది కనుక. మన యావరణలలో జిరాక్సు దుకాణమును హెచ్చు పాటకు అమ్ముకొన్నవారు అట్టి దావా వచ్చిననాడు ఏ ముఖముతో న్యాయస్థానమున నిలుతురు?

ఇక మార్గమేమి? విమర్శించి ఊరకుండుట మన ధర్మము కాదు. సహకారమే మార్గమని నా దృఢవిశ్వాసము. 1844లో ఇంగ్లండున రాచ్‌డేలు నేతపనివారు, ఇతర పనివారు ఇరువదియెనమండుగురు కూడి పిండి, వెన్న అమ్ము చిన్న అంగడి తెఱచిరి. లోకమంతట సహకారోద్యమము దానిని మార్గదర్శకముగా గైకొన్నది. 1904లో చెన్నపురి తిరువళ్లికేణిలో మధ్యతరగతి గృహస్థులు సహకార భాండాగారమును నెలకొల్పిరి. కాఫీ బోర్డు తన కాఫీ హోటళ్లను మూసివేయగా వీథిని పడిన పనివారే 1957, 58 సంవత్సరములలో సహకార సంఘములు కట్టి వానిని నిలుపుకొనిరి. కలకత్తాలో కళాశాలవీథి కాఫీ హౌసు అట్లు నిలిచినదే. జపానులో అనేక విశ్వవిద్యాలయములందు విద్యార్థులు, ఆచార్యులు, ఉద్యోగులు వాటాదారులైన సహకార సంఘములు భోజనశాలలను, పుస్తకాల అంగళ్లను నడుపుచున్నవి. చేరునపుడు కట్టిన వాటా సొమ్మును చదువు ముగిసి వెళ్లునపుడు తిరిగి యిత్తురు. మనకు చట్టము లేదనరాదు. పరస్పర సహాయక సహకార సంఘముల చట్టమును 1995లో దేశమున ప్రప్రథమముగా చేసినది మన ఆంధ్రప్రదేశ శాసనసభయే. సర్కారు పెత్తనము లేక సభ్యులే నడుపుకొను సంఘములకు అది త్రోవ చూపినది. ఇల్లు కట్టి గృహప్రవేశము చేయనివారివలె ఆ చట్టమును మనము విశ్వవిద్యాలయపు గుమ్మములోనికి తీసికొనిరాకుంటిమి.

‘విద్యార్థి సంఘములకు అప్పగించినచో రాజకీయములు చేరును, డబ్బు మాయమగును’ అను భయము నిరాధారము కాదు. సహకార సంఘములు పలుచోట్ల కొద్దిమంది ఇంటి సొత్తులైన మాట మన మెఱుగుదుము. విద్యార్థి నాయకులలోను గుత్తదారుతో చేయి కలిపి ఉచిత భోజనము చేయువారు లేకపోలేదు. దానికి మందు లెక్కలను గోడకు అంటించుట. వెలివేయవలసినది సహకారమును కాదు. ప్రతి నెల కొనుగోలు, అమ్మకము, మిగులు మెస్సు గుమ్మమున అంటించినచో దొంగకు నిలువ నీడ యుండదు. వేలము పాటలో రాజకీయములు లేవా? ఉన్నవి, తలుపు వెనుక నున్నవి.

‘విశ్వవిద్యాలయమునకు సొమ్ము లేదు, అద్దె మానుకొన్నచో జీతములెట్లు?’ అను ఆక్షేపణ గంభీరమైనది. ప్రభుత్వములు విశ్వవిద్యాలయములను పస్తులుంచుచున్నవి. ఖాళీలు నింపవు, నిధులు సకాలమున విడుదల చేయవు. ఆ కొఱతకై పోరాడవలసినదే. కాని బడ్జెటులోని కంతను విద్యార్థి కంచముతో పూడ్చుట న్యాయము కాదు, తెలివియు కాదు. తండ్రి అప్పులపాలైనాడని బిడ్డ గంజిలో వంతు అడుగునా?

కనుక మన కోరికలను స్పష్టముగా చెప్పుదము. మొదటిది: ఆవరణలోని ఆహారశాలలను హెచ్చు అద్దెకు పాడుట మానవలెను, అద్దె నామమాత్రముగా నిర్ణయించి, నిర్ణీత నాణ్యతతో తక్కువ ధరకు పెట్టువానికి ఇయ్యవలెను. రెండవది: ఒడంబడిక ప్రతిని, ధరల పట్టికను, ఆహార లైసెన్సును గుమ్మమున తెలుగులో వ్రేలాడదీయవలెను. మూడవది: సగము విద్యార్థులు, అందు సగము ఆడపిల్లలుగల సంఘమునకు వంటశాలను ఎప్పుడైనను తనిఖీ చేయు అధికారము, జరిమానా విధించు అధికారము ఉండవలెను. నాలుగవది: జిరాక్సు ధరను విశ్వవిద్యాలయమే నిర్ణయింపవలెను. అయిదవది: ప్రతి విశ్వవిద్యాలయమునందును కనీసము ఒక దుకాణమును 1995 చట్టపు పద్ధతిని సహకార సంఘమున కప్పగించి మూడేండ్లు పరీక్షింపవలెను.

ఇందులో మనకేమి పని యని పఠనమందిరమున కూర్చున్న గృహస్థులు అనుకొనరాదు. ఆ మెస్సులో తినువారు మన బిడ్డలు. ప్రభుత్వ విశ్వవిద్యాలయము మన పన్నులతో నడుచునది. దాని ఒడంబడికలు రహస్యములు కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టి మీ ఊరి విశ్వవిద్యాలయపు క్యాంటీను ఒడంబడికను తెప్పించుడు. పఠనమందిరమున పదిమంది నడుమ బిగ్గరగా చదువుడు. వ్రాయుట తెలియనివారు నాలుగు ముక్కలు వ్రాసిపెట్టుమని ఏ న్యాయవాది నడిగినను వ్రాయును. వ్రాయనన్నచో నాయొద్దకు పంపుడు, నేను వ్రాసిపెట్టుదును.

అన్నము పరబ్రహ్మమని పలికిన జాతి మనది. ఆ పరబ్రహ్మమును విద్యాలయ ప్రాంగణమున ఎక్కువ పాడినవాని పేర కొట్టివేయుచుండగా చూచి ఊరకుండుట మనకు తగదు. ఆ సుత్తి మూడవ దెబ్బ పడకమునుపే లేచి ‘నిలుపుడు’ అనవలసినవారము మనమే.