పాత చెప్పు చెప్పే మాట

తెల్లవారుజామున అయిదున్నరకి ఉంగుటూరు మండలంలో ఏలూరు కాలువ గట్టు మీదికి వెళితే రెండు రకాల ఆడవాళ్లు కనిపిస్తారు. షుగరో బీపీయో పలకరించాక నడక మొదలుపెట్టి, మెల్లగా పరుగులోకి దిగిన ఇల్లాళ్లు కొందరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న అమ్మాయిలు కొందరు. మొదటివాళ్ల కాళ్లకి కొడుకు వాడి వదిలేసిన బూట్లు. రెండోవాళ్లకి అన్నయ్యవి. చీర మీద బూట్లేమిటని నవ్వేవాళ్లు తగ్గారుగానీ, ఆడవాళ్ల కోసం చేసిన బూట్లు కొనాలన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఆఖర్నే వస్తోంది.

అమ్మాయిలకి ఇది చిన్న విషయం కాదు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మన రాష్ట్రంలో మహిళా అభ్యర్థులు 1600 మీటర్లను పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. నెలల తరబడి సాధన చేసి, సరిగ్గా పరీక్ష ముందు మడమ బొబ్బలెక్కో, మోకాలి కింద ఎముక నొప్పి పుట్టో రెండు వారాలు ఆగిపోతే? ఉద్యోగమే చేజారొచ్చు. పొరుగునే ఉన్న తణుకు నుంచి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్ రిలే దాకా వెళ్లిందని చెప్పుకుని మురిసిపోతాం. మన ఇంటి అమ్మాయి కాళ్లకేం ఉన్నాయో కూడా ఓసారి చూడాలి కదా!

అన్నయ్య బూట్లు ఎందుకు పనికిరావు? ఆడవాళ్ల పాదం మగవాళ్ల పాదానికి చిన్న నమూనా కాదు. వేళ్ల దగ్గరి వెడల్పుతో పోలిస్తే వాళ్ల మడమ సన్నం. పొడవు సరిపోయినా మడమ లోపల జారుతూనే ఉంటుంది. బొబ్బలు అక్కడే మొదలు. పోనీ అని లేసు బిగిస్తే పాదం పైభాగం నొక్కుకుపోతుంది.

సరే, కొత్తవి కొనాలనుకున్నారు. షాపుకి వెళ్లేముందు గుమ్మం దగ్గరున్న పాత హవాయి చెప్పులు ఒకసారి తిరగేసి చూడండి. మడమ బయటి అంచు కాస్త, వేళ్ల కింది భాగం దాదాపు సమానంగా అరిగితే మీది న్యూట్రల్ నడక. లోపలి అంచు బాగా అరిగితే పాదం లోపలికి ఎక్కువ ఒరుగుతోందని, బయటి అంచు పొడవునా అరిగితే బయటికి ఒరుగుతోందని అర్థం. నేలకి తగలగానే పాదం కొద్దిగా లోపలికి ఒరగడం మాత్రం రోగమేమీ కాదు. దెబ్బని పంచుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటది. ప్రొనేషన్ అంటారు. తడిపాదం గచ్చు మీద అద్ది చూసే పద్ధతీ ఉంది. అది పాదం ఆకారం చెబుతుందిగానీ కదలిక చెప్పదు. చెప్పు మాటే నయం.

న్యూట్రల్ అని తేలితే, ఒరుగుని ఆపే గట్టి దన్ను ఉన్న బూట్లతో మీకు పనిలేదు. ఆసిక్స్ కంపెనీలో జెల్ కయానో అలాంటి దన్ను కోసం చేసింది. జెల్ నింబస్ మెత్తదనం కోసం చేసింది. న్యూట్రల్ నడక వాళ్లకి రెండోది చాలు. అయితే రెండూ పదివేలు దాటే సరుకే. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు పరుగెత్తే అమ్మాయికి అంత అక్కర్లేదు. ఆడవాళ్ల కొలతలతో చేసి, కాలికి చక్కగా అమరిన మామూలు మెత్త బూటు ఎంతో మేలు. డెన్మార్క్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి ఒకే రకం న్యూట్రల్ బూట్లిచ్చి ఏడాదిపాటు గమనించారు. పాదం కొంత ఒరిగేవాళ్లకి దెబ్బలు ఎక్కువేం తగల్లేదని 2013లో తేల్చారు. కాబట్టి షాపువాళ్లు పాదం వంక చూసి భయపెడితే కంగారుపడకండి. నొప్పి అదేపనిగా వేధిస్తుంటే మాత్రం బూట్ల షాపుకి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఏలూరు వెళ్లినా, తాడేపల్లిగూడెం వెళ్లినా సాయంత్రం వెళ్లండి. పొద్దంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అంతే. రోజూ వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. నిలబడినప్పుడు పొడవాటి వేలికీ బూటు కొసకీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ లేవకూడదు. మొహమాటపడకుండా షాపులోనే నాలుగడుగులు పరుగెత్తండి. ఎక్కడైనా గుచ్చుకుంటే 'వాడగా వాడగా సర్దుకుంటుంది' అన్న మాట వినొద్దు. పెట్టె మీద అమెరికా సైజూ యూకే సైజూ రెండూ ఉంటాయి. ఆడవాళ్ల బూట్లలో ఈ రెంటికీ సుమారు రెండు అంకెల తేడా. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. పిల్లలు పుట్టాక కొందరికి పాదం వంపు తగ్గి, పొడవు కాస్త పెరిగి అలాగే ఉండిపోతుంది. కాలేజీ రోజుల సైజు చెప్పి కొనేయకుండా మళ్లీ కొలవండి.

మెత్తగా ఉంటే చాలా? పరుగులో ఒక్కో అడుగుకి శరీర బరువుకి రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది. మెత్త కావాల్సిందే. కానీ గుంటలూ గులకరాళ్లూ ఉన్న గట్టు మీద మరీ ఎత్తయిన, మరీ మెత్తని అడుగుతో చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. తారురోడ్డు మీద హాయిగా ఉన్నదే అక్కడ ఇబ్బంది పెట్టొచ్చు.

ఆ మెత్త కూడా 500 నుంచి 800 కిలోమీటర్లకి అణిగిపోతుంది. వారానికి ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకి నాలుగు నుంచి ఆరు నెలలన్నమాట. పైకి కొత్తగా కనిపిస్తున్నాయని మోసపోవద్దు. వానాకాలం తడిస్తే ఎండలో పడేయకుండా, లోపలి అట్ట తీసి, పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి నీడన ఆరబెట్టండి. చదవడం అయిపోయాక ఈ పేజీ కూడా పనికొస్తుంది.