అచ్చునకు ముందు ఆలోచన

ఎల్లారెడ్డి ప్రాంతమున పైరులకు మందు కొట్టు స్ప్రేయరును రైతు వీపున మోయుట పాఠకు లెరిగినదే. దాని మూత బీటలువారినచో విషజలము అతని వీపుపై కారును. ఎచ్చటనో గీయబడిన పటములోని లోపమునకు నిరపరాధి యగు కర్షకుని దేహము మూల్యము చెల్లించును. ప్లాస్టిక్కు గనుక విరిగినదని లోకము సరిపుచ్చుకొనుచున్నది. ఈ సమాధానమును మే మంగీకరింపజాలము. పదార్థము చౌక యైనంతమాత్రమున ఆలోచనయు చౌక కావలయునా?

కరగిన ప్లాస్టిక్కును అధిక పీడనముతో ఉక్కు అచ్చులోనికి నెట్టి, చల్లార్చి, వెలికి దీయుటయే ఇంజెక్షన్ మౌల్డింగ్. అమెరికాలో హయట్ సోదరులు 1872లో సెల్యులాయిడ్ కొరకు ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందిరి. నాటినుండి యంత్రములు మారినవి గాని పదార్థధర్మము మారలేదు. వస్తువు గోడలు సమమైన మందము గలిగియుండవలయును. ఒకచోట దళసరి యైనచో ఆ భాగము ఆలస్యముగా చల్లారి, పైన గుంట పడును. వస్తువు వంకర తిరుగును. బలము కావలెనన్న మందము పెంచుట కాదు, పక్కటెముకలవలె రిబ్బులు నిలుపవలయును. వాని మందము గోడ మందములో నూటికి 50 మొదలు 60 వంతులకు మించరాదు. నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు లేనిచో అచ్చు వస్తువును సులభముగా విడువదు. లోపలి మూలలను గుండ్రము చేయనిచో ఒత్తిడి అచ్చటనే గుమిగూడి బీటకు దారితీయును. పాలీప్రొపిలీన్ చల్లారునపుడు నూటికి సుమారు 1 మొదలు 2.5 వంతులు కుదియును. ఏబీఎస్ కుదింపు ఒక వంతునకు లోపలనే. కావున ఒకదానికై చేసిన అచ్చులో వేరొకదానిని నింపినచో మూత సరిగా బిగియదు.

కాగితముపై లోపమును దిద్దుటకు ఒక గంట చాలును. ఉక్కులో దిద్దుటకు వారములు పట్టును. ఉక్కును చెక్కివేయుట సులభము, అతికించుట దుర్ఘటము. అయినను పరుల నమూనాను చూచి కొలతలు తీసి, పటమును త్వరత్వరగా ముగించి, తుదకు యంత్రము నడుపు కూలివానిని నిందించు ఆచారము ఎందరికో అలవడినది. ఇది న్యాయమా?

ప్లాస్టిక్కే అనర్థము, దాని కింత శాస్త్ర మేల యని కొంద రనవచ్చును. ఒక్క కారులో విరిగి పొలముగట్టున పడు వస్తువే గదా చెత్తను పెంచునది! పది కారులు నిలుచునట్లు రూపొందించుటయు ఆ అనర్థమునకు ఒక ప్రతిక్రియయే.

ఈ సీమకు ముందాలోచన కొత్తది కాదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము, నవాబు అలీ నవాజ్ జంగ్ మేధస్సున ముందు రూపొంది, పిదప మంజీరపై నిలిచినది. నేడు శిక్షణకును కొరత లేదు. హైదరాబాదు బాలానగరమున కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968లో నెలకొన్నది. చర్లపల్లిలో సిపెట్ ఉన్నది. ఈ సంస్థల అధ్యాపకులు కామారెడ్డి జిల్లా పారిశ్రామిక శిక్షణాలయములకు వచ్చి, మన యువకులకు యంత్రము నడుపుటతోపాటు పటము గీయుటయు నేర్పవలయునని మా కోరిక. రైతుల ఇండ్లలో పడియున్న విరిగిన మూతలను, పిడులను తెప్పించి, అవి ఏల విరిగినవో విద్యార్థులచే పరిశీలింపజేయుడు. ఆ పరిశీలనమే వారి ప్రథమ పాఠము కావలయును. పరుల పటములకు గుళికలు పోయుటతో మన యువకుల విద్య ముగియరాదు.